మామ్మ చాప, దొరసాని వంటగది

డిగ్రీ ఫలితాలు ఫోన్‌లో చూసినప్పుడు బోటాటౌంగ్ రేవు మీదుగా వెళ్లే బస్సులో ఉన్నాను. ఆ రేవులోనే మా తాత బస్తాలు మోశాడు. మా ఇంట్లో డిగ్రీ అన్నది నాతోనే మొదలు. సంతోషంలో దిగాల్సిన స్టాపు దాటిపోయి, మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌కి వెనక్కి నడిచాను. దారంతా నవ్వుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో మామ్మ పెట్టే ప్రార్థన కూడిక. మంచి కబురున్నవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. అందులో ఎవరి ఊసు వచ్చినా చివర మామ్మ వాళ్ల కోసం ప్రార్థన చేస్తుంది. నాలుగేళ్లు నాకు క్యారేజీ కట్టిన మామ్మకి, నేను చదివిన క్రైస్తవ సంఘ చరిత్ర ఏమిటో ఒక్కసారీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఈ దేశంలో చదువంతా బర్మీస్, ఇంగ్లీషే. ఈసారైనా చెప్పాలి.

చాప మీద లేచి నిలబడ్డాను. పాసయ్యానని చెప్పి, గుక్క తిప్పుకోకుండా నా పాఠాల్లోని ఒక దొరసాని కథ ఎత్తుకున్నాను. ఇంగ్లండులో గొప్పింటి మనిషి. అప్పుడే పుట్టిన మెతడిస్టు శాఖ బోధకులను చాలా చర్చిల్లోకి రానివ్వకపోతే, కొందరిని తన ఇంటి బోధకులుగా పెట్టుకుంది. నగలమ్మి మందిరం కట్టించింది. హాల్లో గొప్పవాళ్లకి, వంటగదిలో బీదవాళ్లకి వాక్యం చెప్పించింది.

"ఒకే ఇంట్లో రెండు కూడికలేటే?" అంది మామ్మ.

"అప్పట్లో అంతే, మామ్మా."

"మరి ఆయమ్మ ఏ గదిలో కూకునేది?"

నాకు తెలీదు. నాలుగేళ్లలో ఆ ప్రశ్నే తట్టలేదు.

"డిగ్రీ ఇచ్చినోలు అడగనేదేటి?" అంది పక్కింటి అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మామ్మ కళ్లు మూసుకుంది. "పెబువా, మా గుంటని పాసు సేసినావు, నీకు స్తోత్రం. ఆ దొరసానమ్మ నగలమ్మేసుకున్నాది. ఆయమ్మకి మోకాళ్ల నొప్పి రానీకు. ఓపాలి మా చాప మీద కూకోబెట్టు."

అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, అసలు సంగతి చెప్పలేదని.

"మామ్మా, ఆవిడ పోయి రెండొందల ఏళ్లు దాటింది."

మామ్మ కళ్లు తెరిచి నా వైపు చూసింది. "ముందల సెప్పవేటే? మోకాళ్ల గురించి అడిగేసినాను." చాప అంచు సర్దుకుంది. "అక్కడ నొప్పులుండవులే. నువ్వు మాత్తరం ఏ గదిలో కూకునేదో సదివొచ్చి సెప్పు. వొంటగదే అయ్యుంటాది."

పాసైన రోజే మళ్లీ పుస్తకం తీశాను.