కోసేసిన సగం మాట

ఒక పదిహేనేళ్ల పిల్లకు నేను చెప్పిన అబద్ధం ఇన్నేళ్లుగా నా గొంతుకు అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేనొక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. నాచారంలో మా పై వాటాలో ఒక రైల్వే ఉద్యోగి, ఆయన కూతురు సింధు ఉండేవారు. తల్లి పోయి ఏడాది కాలేదు. ఆ పిల్ల చేతిలో ఎప్పుడూ ఒక లావుపాటి ఇంగ్లిషు నవల. వాటి నిండా కూలిన నగరాలు, పిల్లల్ని వేటాడే ప్రభుత్వాలు. ఈ వయసువాళ్లకు ఇంత చీకటి ఎందుకు నచ్చుతోందని ఆదివారం పేజీకి వ్యాసం రాస్తూ, మెట్ల మీద కూర్చున్న ఆమెనే అడిగాను.

"లోకం మొత్తం ఖరాబైతది సూడు అంకుల్, గది మస్తుంటది," అని నవ్వింది. చేతిలో పుస్తకం మూసి అంది: "మా ఇంట్ల ఏమడిగినా ఏం గాలే, పోయి సదువుకో అంటరు. అమ్మకు పానం బాగలేకున్నా, పోయేదాంక గట్లనే అన్నరు. గీ పుస్తకాలల్ల నా అసొంటి పిల్లకు అన్నీ తెలుస్తయి. గంత ఖరాబైన లోకంల గూడ గామెనే తొవ్వ ఎతుక్కుంటది."

అంత మంచి జవాబు నాకింకెవరూ ఇవ్వలేదు. అందులో రెండో సగాన్నే కొట్టేశాను. ఎందుకు? పిల్లలు చెడిపోతున్నారనే శీర్షిక అప్పటికే నా మనసులో కుదిరిపోయింది. ఆ రెండో సగం ఉంటే అది నిలబడదు. మొదటి మాట ఒక్కటే ఉంచి, 'నాచారంలో ఒక రైల్వే ఉద్యోగి కూతురు' అని రాశాను. పేరు రాయలేదు కదా అని నన్ను నేనే సమర్థించుకున్నాను.

ఆదివారం పొద్దున తండ్రి పేపరు పట్టుకుని దిగివచ్చాడు. "తల్లి సచ్చిన ఇంట్ల, లోకం ఖరాబైతే దీనికి మస్తుంటదట! మంచిగ రాసినవన్నా. లేకుంటె నాకేడ తెలుస్తుండె?"

మిగతా సగం చెప్పవలసింది అప్పుడే. మెచ్చుకుంటున్న మనిషికి థాంక్స్ చెప్పి పంపేశాను. మధ్యాహ్నానికల్లా ఆయన ఆ పుస్తకాలన్నీ పాత సామాన్ల బండికి వేసేశాడు.

సింధు వచ్చింది. ఏడవలేదు. "అంకుల్, నేను గంతే చెప్పిన్నా?"

"ఆఫీసులో కోసేశారమ్మా. చివర్లో ప్రకటన వచ్చింది, జాగా చాలలేదు."

"గట్లనా? సరే తియ్ అంకుల్, మీరేం జేస్తరు."

పెద్దవాళ్లు నిజం దాస్తారని నాతో చెప్పుకున్న పిల్ల, ఎదురుగా నిలబడి నేను దాస్తుంటే, నన్ను నమ్మి, పైగా నన్నే ఓదార్చి వెళ్లింది.

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో సింధు కనిపించింది. ఉద్యోగం చేస్తోందట. ఇప్పుడేం చదువుతున్నావని అడిగాను. "కథలా? ఎప్పుడో బంద్ జేసిన అంకుల్," అంది తేలిగ్గా. నా వల్లేనా? చదువు, ఉద్యోగం, ఫోను, కారణం ఏదైనా కావచ్చు. ఆ 'కావచ్చు' వెనక దాక్కోవడం కూడా నాకు అలవాటే. రైలు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వారం ప్రకటన ఏదీ రాలేదు. పేజీలో జాగా ఉంది. ఆమె మాట కొట్టేసింది నేనే.

వినవలసిన మనిషికి ఇంకా చెప్పలేదు. అయినా ఇంత రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అందుకు సిగ్గుగానూ ఉంది.