పిడికెడు బియ్యం వద్దన్న ఏడాది

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యాన్ని కొంగున కట్టుకుని వచ్చి, ప్రభువు బల్ల ముందున్న గంపలో పోసేవారు. ఆ గంప, వాక్యం చెప్పే ఉపదేశి ఇంటికి వెళ్ళాలి. కృష్ణా కాలువల కింద పల్లెల్లో నాబోటి ఉపదేశులు బతికింది ఆ బియ్యం మీదే.

నేను మాత్రం ఉపదేశిగా వచ్చిన మొదటి ఆదివారమే గంపను విధవరాండ్రకు పంచమన్నాను. ఆ చర్చి కట్టించింది మా తాత. ఆ ఆడవాళ్ళు ఒకప్పుడు మా పొలాల్లో నాట్లు వేసినవాళ్ళు. పొలాలు పోయాయి, మేడ పోయింది. అయినా వాళ్ళ కొంగుల్లోని బియ్యం నా పొయ్యి ఎక్కకూడదనుకున్నాను. దానికి దానమని పేరు పెట్టుకున్నాను. టేకు బీరువా, తాత పడక కుర్చీ, ఇత్తడి గంగాళాలు ఒక్కొక్కటే బెజవాడ వెళ్ళిపోయాయి. ఏడాది అలా గడిచింది.

అమ్మడానికి ఇంకేమీ మిగలని వారం మా మేనమామ వచ్చాడు. ఆయన గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. అవి డెబ్బైలు, ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ కడుతున్నారు. అక్కడ స్టోర్స్‌లో నాకు ఉద్యోగం మాట్లాడి వచ్చాడు.

"సోమవారం జాయినవ్వాలి. క్వార్టర్సిస్తారు. నెత్తిమీద ఫ్యాను, వంటింట్లో కొళాయి. ప్రభువు కొళాయి వద్దని ఎక్కడా చెప్పలేదురా అబ్బాయ్!"

"మరి ఇక్కడ సంఘం?"

"నువ్వు రాకముందు వీళ్ళెవరూ పరలోకానికి పోలేదా ఏంటి?"

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక నా భార్య మెల్లగా, "వెళ్దామండీ. డబ్బాలో ఎల్లుండికి గింజ లేదు," అంది. సరేనన్నాను. బాధ లేదు, సంతోషమూ లేదు. చాలా నెలలుగా లోపల ఏదీ కదలడం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, వెళ్ళిపోతున్నానని సంఘానికి చెప్పాను. ఎవరూ ఉండమనలేదు. ఒకప్పుడు మా ఇంట్లో వడ్లు దంచిన ముసలావిడ కొంగు దులుపుకుంటూ లేచింది.

"తెలుసులెండి బాబుగారూ. మా ఇళ్ళ బియ్యం తినలేని మనిషి ఎన్నాళ్ళుంటాడని అనుకుంటానే ఉన్నాం."

"విధవరాండ్రకు ఇచ్చాను కదమ్మా."

"నేనూ విధవరాలినే గదండీ! నేను పోసింది తిరిగి నా ఇంటికే వచ్చేది. ఏడాదంతా నా బియ్యం నేనే తిన్నాను. ఇంక నేను దేవుడికిచ్చిందేవుందీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మీ తాతగారి వడ్లు దంచేటప్పుడు ఈ చేతులు బానే ఉన్నాయి మీకు."

నిటారుగా నిలబడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అలాగే నిలబడ్డాను. ఏడాదిపాటు వాళ్ళకు వాక్యం చెప్పాను. వాళ్ళ చేతి గింజ నాకు తగలకుండా చూసుకున్నాను. ఫ్యాను కింద పడుకున్నా ఇది నన్ను నిద్రపోనివ్వదని అర్థమైంది. సంఘపెద్ద మోయాల్సిన గంప నేనే వంగి ఎత్తుకున్నాను. చాలా బరువుగా ఉంది. దారి పొడవునా జనం చూశారు.

గుమ్మంలో గంప చూసి నా భార్య, "అయితే వెళ్ళట్లేదా?" అంది.

"లేదు."

తను చేట తెచ్చుకుని రాళ్ళు ఏరడానికి కూర్చుంది. మామయ్య చెప్పులు వేసుకున్నాడు.

"నీ పొగరు దిగిందో, ఇంకా ఎక్కిందో నాకైతే తెలియట్లేదురా," అని, అన్నానికి కూడా ఉండకుండా బస్సుకు వెళ్ళిపోయాడు.

అది ముప్ఫై ఇళ్ళ బియ్యం. ముతకవి, నూకలు, ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వండితే కొన్ని చిమిడిపోయాయి, కొన్ని పలుకుగానే ఉండిపోయాయి.

"ఇది ఎంతసేపుంచినా సమంగా ఉడకదండీ," అంటూ వడ్డించింది.

ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే మాట రాలేదు. కాసేపు చూసి తనే ఆమేన్ అంది. గొప్ప ఆనందమేమీ కలగలేదు. నెమ్మదిగా ఉంది, అంతే. ఇంకొంచెం పెట్టమని అడిగాను.