తాళం వేసిన ఫైల్

మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్‌గా ఒకావిడ ఉండేవారు. సిద్దిపేట మనిషి. ఎంత పెద్ద చిక్కొచ్చినా ముందు నవ్వి, "ఏంది, ఫైలే కద!" అనేవారు.

మా ప్రోగ్రాం ఒక ల్యాబ్ నుంచి రోగుల రిపోర్టులను ఆసుపత్రికి పంపేది. ఇకమీదట మధ్యలో ఎవరూ చదవలేని రహస్య కనెక్షన్‌లోనే తీసుకుంటామని ఆసుపత్రివాళ్లు చెప్పారు. అంతా మళ్లీ రాయాలేమోనని నేను బెంబేలెత్తిపోయాను.

"ఫైల్‌ల రాసుడు, చదువుడు వస్తదా నీకు?" అన్నారావిడ.

"వచ్చండి."

"గంతే! కనెక్షన్ గూడ ఫైల్ లెక్కనే, తెరిచే లైన్ ఒక్కటి మార్చు. మధ్యల ఎవరు చదవకుండ ఏసే తాళాల సంగతి లోపల లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, చూస్కుంటది. కింద రాసే, చదివే లైన్లు గట్లనే ఉండనీ."

మార్చాను. అవతల ఉన్నది నిజంగా ఆసుపత్రేనని చూపాల్సిన సర్టిఫికెట్‌ను నమ్మలేనంటూ ప్రోగ్రాం ఆగిపోయింది.

"ఆ తనిఖీ తీసేద్దామండీ?" అన్నాను.

ఆవిడ ముఖంలో నవ్వు పోవడం ఆ ఒక్కసారే చూశాను. "అవతల ఎవరున్నరో తెల్వకుండ రోగి కాయితాలు చేతుల పెడ్తవా?"

ఆసుపత్రి నుంచి సరైన సర్టిఫికెట్ తెప్పించి పెట్టించారు. రిపోర్టు వెళ్లింది. అందిందో లేదో కనుక్కోమని ఆసుపత్రికి నా చేతనే ఫోన్ చేయించారు.

"వచ్చిందండీ, డాక్టరుగారు చూస్తున్నారు" అంది అవతలి గొంతు.

ఆవిడ నా భుజం తట్టి, ఫ్లోరంతా వినపడేలా అరిచారు: "మనోడు తాళం ఏసిండు! ఇగ నడువుండ్రి, చాయ్ తాగుదాం!"