పెద్దమనిషి నడక

పొద్దున్నే చీపురుపల్లిలో నేనెక్కే పాసింజరు మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది సరైన వేళకి వస్తుంది. ఇదీ ఒక ఫిర్యాదేనా అనుకునేవాళ్ళకి దాని తర్వాతి బండి సంగతి తెలియదు. ఆ తర్వాతిది ఎక్కితే స్కూలుకి ఇరవై నిమిషాలు ఆలస్యం. ముందుది ఎక్కితే గంట ముందే నౌపడ స్టేషన్లో దిగి కూర్చోవాలి. నా ఫోన్లో ఉన్న హాజరు యాప్ ఇరవై నిమిషాల్ని క్షమించే రకం కాదు కనుక, రెండేళ్ళుగా రోజుకో గంట నౌపడ ప్లాట్‌ఫారం బల్ల మీద గడిపాను. రైల్వేవారికి నామీద వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదనే నమ్ముతున్నాను.

గంటసేపు ఖాళీగా కూర్చున్న మనిషి ఏదో ఒకటి చేస్తాడు. కొందరు ఫోన్ చూస్తారు, కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను మనుషుల నడకలు చూసేవాణ్ణి. చూసి ఊరుకుని ఉంటే ఇదంతా రాయవలసిన పని పడేది కాదు.

స్టేషనుకి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూల్లో నేను ఇంగ్లీషు మేస్టారిని. చేరిన కొత్తలో పదో తరగతి పిల్లలు నా పీరియడ్లో ఇంజెక్షన్ కోసం వరసలో నిల్చున్నట్టు కూర్చునేవారు. ఎవరినైనా ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న పక్కవాడిదన్నట్టు పక్కవాడి వైపు చూసేవారు. పక్కవాడు కిటికీ వైపు చూసేవాడు. కిటికీ అవతల ఒక గేదె ఉండేది. ఇంగ్లీషు విషయంలో మా అందరిలోకీ ధైర్యంగా ఉన్నది అదొక్కటే.

విజయనగరంలో చదువుకునే రోజుల్లో నాకు హాస్టల్లో కొంచెం పేరుండేది. ప్రిన్సిపాలు గారు దగ్గడం, మెస్సు వంటాయన సాంబారు కలపడం చేసి చూపించేవాణ్ణి. నవ్వించడం తప్ప నాకు మరే అర్హతా లేదని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. బి.ఎడ్. సర్టిఫికెట్టు చూపించినా అది మారలేదు. చివరికి ఆ అర్హతనే క్లాసులోకి తీసుకెళ్ళాను.

అలా పుట్టినవాడు పెద్దమనిషి. ఆయనకి పేరు లేదు. క్లాసు తలుపులోంచి దర్జాగా లోపలికి వస్తాడు. బ్యాంకుకి వెళ్తాడు, రేషన్ షాపుకి వెళ్తాడు, తడి రంగు వేసిన బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన నోరు విప్పడు. ఆయన ఏం చేస్తున్నాడో పిల్లలు ఇంగ్లీషులో చెప్పాలి. చెబితేనే కదులుతాడు. వాక్యం రాకపోతే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోతాడు. నా కాలు లాగడం మొదలయ్యేలోగా ఎవరో ఒకరు జాలిపడి ‘హీ ఈజ్ వాకింగ్’ అనేవారు. ఆయన ఆగితే ‘హీ ఈజ్ స్టాండింగ్’. కూర్చుంటే దానికి తగ్గది. రెండు నెలలకి ఒకరు మొదలుపెడితే నలభైమందీ అందుకునే స్థితి వచ్చింది. పక్క గదిలో లెక్కల మేస్టారు, మీ క్లాసులో నవ్వు వినబడినప్పుడల్లా మా క్లాసులో లెక్క తప్పుతోందని చెప్పారు. నేనది మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

పెద్దమనిషికి అన్నీ ఉన్నాయి గానీ సొంత నడక లేదు. ఆయన నాలాగే నడిచేవాడు. అది నాకు లోటుగా ఉండేది.

నౌపడ ప్లాట్‌ఫారం మీద రోజూ ఎనిమిదింటికి ఒకాయన కేరేజీ పట్టుకుని అటువైపు ఉప్పుమడుల్లో పనికి వెళ్ళేవాడు. నలభై అయిదేళ్ళుంటాయేమో. బరువంతా మడమల మీద వేసి, వేళ్ళు నేలకి తగలకుండా ఎత్తిపట్టి, మోకాళ్ళు కాస్త దూరంగా పెట్టి, చేతులు ఒంటికి ఎడంగా ఉంచి నడిచేవాడు. కాలుతున్న నేల మీద ఎంతో మర్యాదగా నడుస్తున్నట్టుండేది. రోజూ చూస్తున్నదే అయినా, ఒకరోజు ఇదే పెద్దమనిషి నడక అనుకున్నాను. వారం రోజులు స్టేషను వెనక ఎవరూ లేనప్పుడు సాధన చేశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా తయారై వెళ్ళిన పాఠం ఇంకొకటి లేదు.

మొదటి రోజు ఆ నడకతో తలుపులోంచి లోపలికి రాగానే క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అందరి తలలూ ఆడపిల్లల వైపు మూడో బెంచీకి తిరిగి, మళ్ళీ నావైపు తిరిగాయి. ఆ తర్వాత వచ్చిన నవ్వు అంతకుముందెన్నడూ రానిది. ఆ క్షణం నిశ్శబ్దాన్ని నేను టైమింగ్ అనుకున్నాను.

మూడో బెంచీలో కూర్చునేది క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల. ఆ రోజు పెద్దమనిషి గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. అందరి పుస్తకాల్లోనూ ఆయన పడ్డాడు, జారాడు, రంగు పూసుకున్నాడు. ఆ పిల్ల పుస్తకంలో మాత్రం ఆయన పొద్దున్నే లేచాడు, పనికి వెళ్తున్నాడు, అలిసిపోయాడు. ఒక్క తప్పు లేదు. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, బాగుంది అని కూడా రాశాను.

మూడో రోజు బెల్లు కొట్టాక ఒక కుర్రాడు నా వెనకే వచ్చి మెచ్చుకున్నాడు. ‘అచ్చం వాల్ల నాన్నే దిగిపోయినాడు సార్,’ అన్నాడు మూడో బెంచీ చూపించి. తర్వాత మిగతాది కూడా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నిలబడితే పాదాలు పగులుతాయట, పగుళ్ళలోకి ఉప్పు దిగుతుందట, వేళ్ళు నేలకి ఆనిస్తే ప్రాణం పోయినంత పనవుతుందట. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. రెండేళ్ళుగా రోజూ ఆయన్ని చూస్తున్న నాకు తప్ప.

ఆ రోజుతో ఆపేశానని రాయగలిగితే బాగుండేది. నాలుగో రోజు క్లాసు అన్నిటికంటే బాగా జరిగింది. నా దగ్గర కారణాలు లేకపోలేదు. నేను ఎవరి పేరూ చెప్పలేదు. జీవితంలో ఇంగ్లీషు పలకని పిల్లలు పలుకుతున్నారు. ఆ పిల్ల కూడా నవ్వుతూనే ఉంది. పెదాలు విప్పకుండా నవ్వుతోంది గానీ, కొందరి నవ్వే అంత అని సరిపెట్టుకున్నాను. మనిషి తనకి తాను చెప్పుకునే కారణాలకి పరీక్షలుండవు. ఉంటే నాకు నూటికి నూరు వచ్చేవి.

ఆపైన ఒక అధికారి తనిఖీకి వచ్చి నా క్లాసులో కూర్చున్నారు. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. ఫోన్లో వీడియో తీసుకున్నారు. హెడ్మాస్టారికి అంతకుముందు నా మీద ఉన్న అనుమానాలన్నీ ఆ మధ్యాహ్నమే తీరిపోయాయి. శనివారం తల్లిదండ్రుల మీటింగులో కూడా ఇదే పాఠం చెప్పాలని, పిల్లల ఇంగ్లీషు ఊరివాళ్ళు వినాలని ఆయన నిర్ణయించారు.

శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

‘సార్, రేపు మా నాన్న వస్తనన్నాడు.’

రమ్మనమని చెప్పాను. ఆ పిల్ల కదల్లేదు.

‘ఎప్పుడూ రాలేదు సార్. పది అయ్యాక టెక్కలి కాలేజీకి పంపాలా, మానిపించాలా అని మిమ్మల్ని అడిగే సెప్తాడంట.’

చదివించమనే చెబుతానన్నాను. అప్పటికీ కదల్లేదు. ఆ పిల్ల అడగడానికి వచ్చింది అది కాదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆ పిల్లకీ తెలుసు. నేను హాజరుపట్టీ తెరిచి, అప్పటికే నింపిన గడుల్ని మళ్ళీ నింపడం మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

నేను మరీ అంత చెడ్డవాణ్ణి కాను. మర్నాడు పెద్దమనిషి రాకూడదని ఆ రాత్రే అనుకున్నాను. పొద్దున్న కాలికి కట్టు కట్టుకుని వెళ్ళి, బెణికిందని హెడ్మాస్టారికి చెప్పాను. క్లాసుకి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. ఈరోజు ఒకాయన వస్తాడు, ఆయన్ని చూసి నవ్వకండి అని. కానీ అలా చెప్పాలంటే, ముందు నేనేం చేశానో చెప్పాలి. కట్టు కట్టుకోవడం అంతకంటే సులువు.

మీటింగు స్కూలు ఆవరణలో, వేపచెట్ల నీడన పెట్టారు. పెద్దవాళ్ళకి కుర్చీలు వేశారు, పదో తరగతి పిల్లలు వరండా మెట్ల మీద కూర్చున్నారు. హెడ్మాస్టారు మాట్లాడుతుండగా గేటు తెరుచుకుంది. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. గేటు నుంచి కుర్చీలదాకా యాభై అడుగుల ఖాళీ స్థలం. మడమల మీద బరువు వేసి, వేళ్ళెత్తి, చేతులు ఎడంగా పెట్టి ఆయన ఆ స్థలంలోకి నడిచాడు.

‘హీ ఈజ్ వాకింగ్,’ అన్నదొక గొంతు.

అది అల్లరి కాదు. అది నేను ఒట్టు వేసి చెప్పగలను. ఆ నడక కనబడితే ఆ వాక్యం రావాలి, రాకపోతే ఆయన కదలడు. వాళ్ళకి నేను నేర్పింది అంతే. రెండో అడుగుకి నలభైమందీ అందుకున్నారు. ఒక్క ఉచ్చారణ దోషం లేదు.

ఆయన ఆగాడు.

‘హీ ఈజ్ స్టాండింగ్.’

ఆయన అటూ ఇటూ చూశాడు. పిల్లలు తననే చూస్తున్నారని అర్థమై, కేరేజీ లేని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మొహమంతా నవ్వు.

‘హీ ఈజ్ స్మైలింగ్,’ అంది క్లాసు. అప్పుడు వాళ్ళు ఆపుకోలేక నవ్వేశారు. తమ పిల్లలు గలగలా ఇంగ్లీషు మాట్లాడుతున్నారని తల్లిదండ్రులూ నవ్వారు. హెడ్మాస్టారు మాట్లాడ్డం ఆపి మురిసిపోతూ నావైపు చెయ్యి చూపించారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూడలేదు. నావైపు చూసింది. నేను కాలి కట్టు సరిచేసుకున్నాను.

మీటింగు అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు నా కాలు చూశాడు.

‘కాలికేటైంది మేస్టారూ?’

బెణికిందన్నాను. తిరక్కండి, పడుకున్నప్పుడు తలగడ మీద ఎత్తి పెట్టుకోండి అని చెప్పాడు. కాళ్ళ సంగతి తనకి కొంచెం తెలుసని కూడా అన్నాడు. తర్వాత పిల్ల చదువు గురించి అడిగాడు. నేను చెప్పవలసినదంతా చెప్పాను. చాలా బాగా చెప్పాననే అనుకుంటాను. తెలివైన పిల్ల, మానిపిస్తే పాపం అన్నాను. పాపం అనే మాట ఆ పూట నా నోట సులువుగానే వచ్చింది. ఆయన సగమే విన్నాడు.

‘మీరు సెప్పక ముందే అనుకున్నాను మేస్టారూ. మడుల్లో పనిసేసే మనిసిని, నన్నెవరూ అలగ పలకరించలేదు. ఏటన్నారో తెల్దు గానీ మర్యాద తెలిసింది. ఇలాటి సదువు మా పాపకెందుకు మానిపిస్తాను. సదివిస్తాను.’

నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన చేతులు గరుగ్గా ఉన్నాయి. నేను ఏమన్నానో గుర్తు లేదు. సంతోషం అనో, అలాంటిదేదో అని ఉంటాను. కట్టు ఉంది కనుక, ఆయన్ని గేటుదాకా సాగనంపలేదు.

ఆ తర్వాత పెద్దమనిషి క్లాసుకి రాలేదు. బదిలీ అయిందని చెప్పాను. పిల్లలు నాలుగు రోజులు అడిగి ఊరుకున్నారు. పీరియడ్లో మునుపటి నిశ్శబ్దం కొంత తిరిగొచ్చింది. లెక్కల మేస్టారు, ఇప్పుడు మా క్లాసులో లెక్కలు సరిపోతున్నాయని చెప్పారు. స్టేషన్లో నేను ప్లాట్‌ఫారం ఆ చివరి బల్లకి మారాను. ఎనిమిదింటికి ఆయన దూరం నుంచే చెయ్యెత్తి పలకరిస్తాడు, కాలు నయమైందా అని సైగ చేస్తాడు. నయమైందని తల ఊపుతాను.

పది రోజులు ఆలోచించి ఆ పిల్లని పిలిచాను. మధ్యాహ్న భోజనాలయ్యాక వరండాలో ఎవరూ లేరు. క్షమించమని చెప్పడానికి పిలిచినవాణ్ణి, ఒక జోకుతో మొదలుపెట్టాను. అలవాటు. ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు జోకు పక్కన పెట్టి, నేను చేసింది తప్పని, తెలిసి కూడా ఆపలేదని, నాలుగు ముక్కల్లో చెప్పాను. నా జీవితంలో నవ్వు రాకుండా అంతసేపు మాట్లాడ్డం అదే మొదటిసారి కావచ్చు.

ఆ పిల్ల అంతా వింది. కంచం కడిగిన చెయ్యి ఓణీకి తుడుచుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళగానే, పిల్లలు ఏమన్నారని వాళ్ళ నాన్న అడిగాడట. రండి, కూర్చోండి, మీరొచ్చినందుకు సంతోషం అన్నారని చెప్పిందట. ఆయన మడుల్లో అందరికీ అదే చెబుతున్నాడట. మనం వెళ్తే లేచి ఇంగ్లీషులో పిలుస్తారని ఇంకో ఇద్దరు తండ్రులు కూడా పనిలో పూట సెలవు అడుగుతున్నారట.

‘మల్లీ మీటింగుకి వస్తాడు సార్,’ అంది. ‘తిరిగి అనడానికి ఆ మాటలు నేర్పమని రోజూ నా ఎనక పడతన్నాడు. నేను నేర్పను. మీరే నేర్పండి.’