పదకొండు నిమిషాల ముందు గట్టిమేళం

మా అక్క పెళ్లిని నేను ఒక చేత్తో చెడగొట్టబోయాను. ఆ చెయ్యి ఎందుకు లేచిందో చెప్పాలంటే మిమ్మల్ని మూడువందల ఏళ్ల కిందటి ఇటలీకి తీసుకెళ్లాలి. భయపడకండి, భోజనాల వేళకి తెనాలి తీసుకొచ్చేస్తాను.

అరవైల చివరి రోజులవి. పి.యు.సి. తప్పి తెనాలి లైబ్రరీలో కాలక్షేపం చేస్తున్న నాకు పడమటి దేశాల సంగీతం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలల్లో నమిలేశాను. అందులో నాకు బాగా పట్టింది కాన్సర్టో: ఒక వాద్యం ఒకవైపు, వాద్యబృందమంతా ఒకవైపు ఉండి వాయించే రచన. దాని చరిత్రంతా కంఠస్థం. ఒక్కటైనా విన్నానా అంటే, లేదు. ఈతకొట్టడం పుస్తకంలో చదివి, కాలవ గట్టున నిలబడి ఉపన్యాసం ఇచ్చే రకాన్ని.

పెళ్లికి ముందురోజు సాయంత్రం, మా పెళ్లి మేళానికి కుదిరిన సన్నాయి తాత నాకు దొరికాడు. "తాతా, కాన్సర్టోలో బృందమంతా ఒకసారి వాయించి ఆగుతుంది. తర్వాత ఒక్కడే. ఆపైన మళ్లీ అందరూ."

"అట్టాగా బాబూ," అన్నాడాయన సన్నాయి తుడుచుకుంటూ.

మర్నాడు మేళం వాళ్లని పందిట్లో వీధివైపు కూర్చోబెట్టారు. అక్కణ్నుంచి పురోహితుడు కనబడడు. అందుకని నాన్న నన్ను మధ్యరాట దగ్గర నిలబెట్టారు.

"పంతులుగారు తల ఊపగానే చెయ్యెత్తు. వాళ్లు గట్టిమేళం వాయిస్తారు. నీకున్నదల్లా ఆ ఒక్క పనే. చేస్తావా?"

"చేస్తాను నాన్నా."

"పుస్తకం తెచ్చావా?"

"లేదు నాన్నా."

"చొక్కా ఎత్తు."

పుస్తకం లాక్కున్నారు. తలలో ఉన్నది లాక్కోవడం మర్చిపోయారు.

అక్కా, పెళ్లికొడుకూ తెరకి అటూ ఇటూ జీలకర్రా బెల్లం పట్టుకుని కూర్చున్నారు. ముహూర్తం పది నలభైకి. అప్పుడొచ్చాడు పెళ్లికొడుకు తమ్ముడు, బాపట్లలో కాలేజీ చదువుతున్నవాడు, నాకు వరసకి బావ.

"ఏంటి బావా, రాటకి తోడు రాటలా నిలబడ్డావు? నీకు ఇంగ్లీషు సంగీతం తెలుసంటగా. మా హాస్టల్లో ఒకడి దగ్గర కాన్సర్టో రికార్డుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

ఇంక నన్నెవరు ఆపగలరు?

"మొదట్లో ఇటలీలో చిన్న గుంపూ పెద్ద గుంపూ మాట్లాడుకున్నట్టు వాయించేవారు బావా. పోనుపోను చిన్న గుంపు స్థానంలో ఒక్క వయొలినే మిగిలింది. ఇంకో తరానికి పియానో వచ్చింది. వేగంగా ఒక భాగం, నెమ్మదిగా ఒకటి, మళ్లీ వేగంగా ఒకటి. మధ్యలో ఒకచోట బృందమంతా ఆగిపోతే, ఆ ఒక్కడే తోచింది వాయిస్తాడు."

"మన సన్నాయి ఆలాపనలాగానా?"

"అబ్బే, దానికన్నా గొప్పది," అన్నాను, ఒక్కటీ విననే లేదు గనక. "తర్వాతి శతాబ్దంలో ఆ ఒక్కడూ హీరో అయి కూర్చున్నాడు. మన కాలానికొచ్చేసరికి, బృందంలో అందరూ హీరోలే అనే రకం కూడా వచ్చింది."

"నువ్వెన్ని విన్నావు?"

"వినడం వేరు, తెలుసుకోవడం వేరు బావా."

"సరేలే. ఒక్కడే వాయిస్తుంటే, మిగతావాళ్లు మళ్లీ ఎప్పుడు అందుకోవాలో ఎలా తెలుస్తుంది?"

"వాడు చివర్న ఒక స్వరాన్ని వణికిస్తాడు. అప్పుడు నాయకుడు ఇదిగో, ఇలా..."

చెయ్యెత్తాను.

డోళ్లు పిడుగుల్లా పడ్డాయి. కునుకు తీస్తున్నవాళ్లు ఉలిక్కిపడి లేచి అక్షింతలు చల్లేశారు. తెర పట్టుకున్నవాళ్లు తెర వదిలేశారు. పురోహితుడు వధూవరుల మణికట్లు చెరొక చేత్తో పట్టుకుని, "ఆగండి, ఇంకా పదకొండు నిమిషాలుంది," అని వేడుకుంటున్నాడు.

పెళ్లికొడుకు తండ్రి లేచారు. "ఏంటండీ ఇది? ముహూర్తం రాకుండా మేళమేంటి? రేపల్లె వాళ్లంటే ఆటలుగా ఉందా? తెర కూడా దిగిపోయింది. ఇంక ఈ పెళ్లి సంగతి ఆలోచించుకోవాలి."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా నవ్వుతూ చెబుతున్నాను గానీ, అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ నాకు నవ్వు రాదు.

అప్పుడు సన్నాయి తాత డోళ్ల మీద చెయ్యేసి ఆపాడు.

"తమరు కూర్చోండి అయ్యగారూ. ఇది మా తెనాలి పద్ధతండి. ముందు మేళమంతా ఒకసారి వాయించి ఆగుద్దండి. తర్వాత సన్నాయి ఒక్కటేనండి. ముహూర్తానికి మళ్లీ అందరమూనండి."

"ఓహో," అన్నారు ఆ పెద్దమనిషి. కూర్చున్నారు. పురోహితుడు, తనకి ముందే తెలుసన్నట్టు తలాడించి తెర మళ్లీ పట్టించాడు.

తాత ఒక్కడే వాయించాడు. పదకొండు నిమిషాలు. కునుకు తీసినవాళ్లే మేళం దగ్గరికి జరిగి కూర్చున్నారు. చివర్న ఒక స్వరాన్ని పట్టుకుని వణికిస్తూ నా వంక చూశాడు. పంతులుగారు తల ఊపారు. భయంతో నా చెయ్యి లేవలేదు. పక్కనే ఉన్న బాపట్ల బావే పట్టుకుని పైకెత్తాడు.

భోజనాలయ్యాక తాత కాళ్లకి దణ్ణం పెట్టాను. "నిన్న నేను చెప్పిందంతా అంత శ్రద్ధగా విన్నావా తాతా?"

"లేదు బాబూ. సగం నిద్దర్లో ఉన్నా. గుర్తున్నది ఆ ముక్కొక్కటే."

కొన్నేళ్లకి, డెబ్భైల్లో, బాపట్లలో బావ గదిలో ఆ రికార్డు విన్నాను. నా మొదటి కాన్సర్టో అనబోయి ఆగాను. మొదటిది మా పందిట్లోనే విన్నాను కదా. పియానో ఒంటరిగా సాగి సాగి స్వరాన్ని వణికించగానే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే రేపల్లెలో అక్క మామగారు తన కూతురి పెళ్లి చేశారు. మేళానికి మన తాతనే పిలిపించారు. జీలకర్రా బెల్లం ఇంకా పళ్లెంలోనే ఉండగా మామగారు గడియారం చూసుకుని కంగారుపడ్డారు. "పదకొండు నిమిషాలే ఉంది. ముందు మేళం ఏదీ? తెనాలి పద్ధతి తప్పకూడదు. ఆ అబ్బాయిని పిలవండి, చెయ్యెత్తాలి."

వంటశాలలో గంగాళం వెనక దాక్కున్నాను.

ఆ గంగాళం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: పెళ్లిపందిట్లో నా చెయ్యి భుజం దాటి లేవదు. భోజనాలెటు అని ఎవరైనా అడిగితే గడ్డంతో చూపిస్తాను. అక్షింతలు కూడా నడుము ఎత్తునుంచే వేస్తాను. అవి ముందువరసలో మీ వీపు మీద పడితే ఏమీ అనుకోకండి. ఆశీర్వాదం మాత్రం పూర్తిగా వధూవరులకే.