వంత లేని పాట

తెనాలిలో రేపల్లె రైలెక్కాక, ఎదురు సీట్లోని పెద్దావిడ కిటికీలోంచి చూస్తూ చిన్న గొంతుతో పాడడం మొదలుపెట్టింది. ఒక ముక్క పాడి, కాసేపు ఆగి, తర్వాతది ఎత్తుకునేది.

“మర్చిపోతున్నారా పిన్నిగారూ?” అని అడిగాను.

“లేదమ్మా. అక్కడ మావాళ్ళు వంత పాడాలి. సారా కొట్టు ముందు ఊళ్ళో ఆడవాళ్ళమంతా కూర్చుని పాడిన పాట ఇది. కొట్టు మూయించాకే లేచాం.”

“ఇప్పుడు వాళ్ళేరండీ?”

“ఒక్కొక్కళ్ళే పోయారమ్మా. నేను మిగిలాను.”

మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. పెట్టెలో అందరూ ఫోన్లలో ఉన్నారు. నాకేమో ఆ వంత రాదు.

రేపల్లెలో ఆమె దిగి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఒక్కదాన్నే గిన్నెలు తోముకుంటున్నప్పుడు ఇప్పటికీ ఆ వరుస నోట్లోకి వస్తుంది. మాటలు గుర్తు లేవు. ఆమె ఆగిన చోట మాత్రం నేనూ ఆగుతాను.