ఇద్దరు కొడితే ఏడుగురు

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించాక ఇంట్లో నేను ఒక్కటే అడిగాను. హైదరాబాద్‌లో కథారచన నేర్పే ఏడాది కోర్సులో చేరతానన్నాను. దరఖాస్తులో తండ్రి సంతకం కావాలి. నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబద్ధాలు రాయటం నేర్చుకోటానికి హైదరాబాద్ దాకా పోవాలంట్రా? పోయి రోడ్ల పని చూసుకో."

అలా అన్న నాన్నే ఆ వారంలో నన్ను పిలిచి తెల్లకాగితాలు ముందు పెట్టాడు.

నకరికల్లు దగ్గర మా పొలానికి సాగర్ కాలవ నీళ్లు వంతు ప్రకారం వస్తాయి. మా వంతు నాడు పక్క పొలం రైతూ అతని తమ్ముడూ మా బోదె కాలవకు మట్టి అడ్డం వేసి నీళ్లు మళ్లించుకున్నారు. బాబాయి అడగబోతే మాటా మాటా పెరిగింది. ఆ రైతు పార తిరగేసి కొట్టాడు, తమ్ముడు తోశాడు. బాబాయి మోచేయి విరిగింది. నేను గట్టు మీదే ఉన్నాను. మరెవరూ లేరు.

పోలీసు స్టేషన్లో ఇవ్వాల్సిన ఫిర్యాదు జరిగింది జరిగినట్టే రాశాను. చోటు, వేళ, ఎవరు, దేనితో, ఎక్కడ తగిలింది. చదివి వినిపిస్తే, చేతికి కట్టుతో మంచం మీదున్న బాబాయికి నచ్చలేదు.

"ఏందిరా ఇది? ఇద్దరేనా? వాళ్లింటి మగాళ్లందర్నీ ఎక్కించు. ముందు టీచర్ ట్రైనింగ్ చదివే వాళ్ల పిల్లోడి పేరు రాయి."

"ఆ రోజు అతను మాచర్ల హాస్టల్లో ఉన్నాడు బాబాయ్."

"ఉంటే? కేసుంటే వాడికి ఉద్యోగం రాదు. అప్పుడు ఇంటిల్లిపాదీ రాజీకని మన గడపలో కూర్చుంటారు."

మా వైపు ఇది కొత్త కాదు. కొట్టినవాడికంటే ముందు, ఆ ఇంట్లో చదువుకుంటున్నవాడిని ఇరికిస్తారు. దాన్ని తెలివి అంటారు.

"కతలు రాస్తానంటివిగా, రాయి. ఇది రాస్తే సంతకం పెడతా," అన్నాడు నాన్న.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికీ హాని చేయని నా కథలు అబద్ధాలట! ఒక కుర్రాడి బతుకు పాడుచేసే ఈ రాతకు మాత్రం బహుమానమా? రాయనని లేచాను.

"అయితే హైదరాబాద్ మర్చిపో."

నాన్నావాళ్లు ఫిర్యాదును వకీలు గుమాస్తా చేత రాయించి స్టేషన్లో ఇచ్చారు. టీ కొట్టు దగ్గర దాని నకలు చదివించుకుని నలుగురూ "చానా బాగా కట్టాడబ్బా!" అని మెచ్చుకున్నారు. ఏడుగురు, ఏడుగురికీ కర్రలు. మాచర్లలో ఉన్న కుర్రాడి చేతికి ఏకంగా గొడ్డలి. అన్నీ కళ్లారా చూసిన సాక్షిని నేనట.

"నేను చూసింది ఇద్దర్నే," అని నాన్నను నిలదీశాను.

"గుమాస్తా రాసింది బట్టీ పట్టు. పరీక్షలకి పట్టలా?"

నాన్న ఒప్పుకోకపోతే కోర్సు వదులుకుందామనే అప్పటిదాకా అనుకున్నాను. నేను చెప్పాల్సిన మాట కూడా ఇంకొకడు రాసిపెట్టాక ఇంక ఆయన ఒప్పుకోలు దేనికి? దరఖాస్తులో తండ్రి సంతకం చోట 'నిరాకరించారు' అని రాసి, నరసరావుపేటలో రిజిస్టర్ పోస్టు చేశాను. తిరుగు బస్సులో వచ్చి నేరుగా స్టేషన్‌కు వెళ్లాను.

కొట్టింది ఇద్దరేనని చెప్పడం మొదలుపెట్టగానే ఎస్సై ఆపాడు. "ఏమయ్యా, మళ్లీ ఇంట్లోకి రానిస్తారా నిన్ను?"

"రానివ్వరు సార్. రాసుకోండి."